ఫ్రెట్లు కదపకుండా గిటార్ ఇన్‌లేలు మార్చాలా? ఎవరికి ఏ దారి నప్పుతుంది

మావయ్య గిటార్ నా చేతికి వచ్చేటప్పటికి తొమ్మిదో ఫ్రెట్ దగ్గర డాట్ లేదు. దాని చోట ఒక గుంట, ఆ గుంట నిండా ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మట్టి. (ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు. ఇన్‌లేలంటే వాటి మధ్య గుర్తుగా చెక్కలో పొదిగే ముక్కలు, గుండ్రటి చుక్కల్ని డాట్లంటారు.) పన్నెండో ఫ్రెట్ దగ్గరున్న జంట చుక్కల్లో ఒకటి వదులైపోయి, గోటితో తడితే టిక్‌మని కదిలేది. మిగతావి పసుపెక్కి, గీతలు పడి ఉన్నాయి. షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన ఇష్టపడి కొనుక్కున్న గిటార్ అది. "వాయించేవాడివి నువ్వే కదరా, నీ దగ్గరే ఉండనీ" అని ఇచ్చేశాడు.

ఫ్రెట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. అడిగినవాళ్లలో ఒకరు స్టిక్కర్లు అంటించెయ్యమన్నారు, ఇంకొకరు ఫ్రెట్లన్నీ పీకి మొత్తం కొత్తగా చేయించమన్నారు. మా బావ అయితే మెడే మార్చెయ్యమన్నాడు. ఆ గిటార్ తర్వాత విశాఖ ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద స్నేహితులవి మరికొన్ని చేశాను. ముత్యపు చిప్పా, ప్లాస్టిక్కా అని అందరూ ముందు దాని గురించే వాదించుకుంటారు గానీ, ఫ్రెట్లు ఉండగా చేసే పనిలో కష్టసుఖాలు తేల్చేది ముక్క వెడల్పు. ఎందుకో ముందు చెప్పి, తర్వాత ఒక్కో దారిలోకి వెళ్తాను.

ఫ్రెట్లు తీస్తే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుంది

వీణ చూసి పెరిగినవాళ్లకి ఇది వింతగా అనిపించొచ్చు. బొబ్బిలి వీణ మీద 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. మైనం వేడి చేస్తే మెట్టు కదులుతుంది, మళ్లీ సర్దుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌కి కింద ముళ్లలాంటి గుబ్బలున్న సన్నని నాలుక ఉంటుంది. దాన్ని మెడ మీది చెక్క పలకలో (ఫ్రెట్‌బోర్డు) కోసిన గాడిలోకి సుత్తితో కొట్టో, ప్రెస్‌తో నొక్కో దించుతారు. బయటికి లాగేటప్పుడు ఆ ముళ్లు గాడి అంచుల్ని పెచ్చులుగా లేపుతాయి, ఎబొనీ అనే నల్ల చెక్క బోర్డు అయితే మరీను. తీసిన ఫ్రెట్ కాస్త వంగిపోతుంది, తిరిగి కొడితే మునుపటిలా కూర్చోదు. అంటే ఫ్రెట్లు తీయడమంటే దాదాపుగా కొత్త ఫ్రెట్లు వేయించి, వాటిని లెవెల్ చేయించి, పైభాగాన్ని గుండ్రంగా తీర్చే క్రౌనింగ్ కూడా చేయించడమే. మూడు చుక్కలు మార్చడానికి అంత ఖర్చు దండగ.

ఉంచితే వచ్చే ఇబ్బంది వేరు. ఫ్యాక్టరీలో ముందు ఇన్‌లే పొదిగి, బోర్డు మొత్తాన్ని వంపు ఉన్న పొడవాటి దిమ్మతో రుద్ది, ఆ తర్వాతే ఫ్రెట్లు దించుతారు. మనకి ఆ దిమ్మ వాడే వీలు లేదు. రెండు ఫ్రెట్ల మధ్య దొరికిన చోటులోనే పని కానివ్వాలి. 648 మి.మీ. స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్ మీద రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య 32 మి.మీ. ఉంటుంది. ఇరవై, ఇరవై ఒకటి మధ్యకి వచ్చేసరికి అది 11.5 మి.మీ. అందులోంచి ఫ్రెట్ తీగ మందం తీసేస్తే చేతికి మిగిలేది దాదాపు 9 మి.మీ. అక్కడ 6 మి.మీ. డాట్ అంటే అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటరే.

వెడల్పు లెక్క

ఫ్రెట్‌బోర్డు చదునుగా ఉండదు, అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది. మనం కొనే ముక్క మాత్రం చదును. చదును ముక్కను మధ్యలో బోర్డుతో సమానంగా కూర్చోబెడితే దాని అంచులు చెక్కకంటే పైకి తేలతాయి. ఎంత తేలతాయో లెక్క కట్టి చూడండి (బోర్డు వంపు కింద ఇచ్చింది ఆ వంపు వ్యాసార్థం, బ్లాక్ అంటే వెడల్పైన దీర్ఘచతురస్రపు ఇన్‌లే):

| బోర్డు వంపు | ఎక్కడ చూస్తాం | 6 మి.మీ. డాట్ అంచు తేలేది | 40 మి.మీ. బ్లాక్ అంచు తేలేది |
|---|---|---|---|
| 7.25 అంగుళాలు (184 మి.మీ.) | పాత ఫెండర్లు | 0.02 మి.మీ. | 1.1 మి.మీ. |
| 9.5 అంగుళాలు (241 మి.మీ.) | ఇప్పటి ఫెండర్లు చాలావరకు | 0.02 మి.మీ. | 0.8 మి.మీ. |
| 12 అంగుళాలు (305 మి.మీ.) | గిబ్సన్ లెస్ పాల్ | 0.015 మి.మీ. | 0.65 మి.మీ. |
| 16 అంగుళాలు (406 మి.మీ.) | మార్టిన్ అకౌస్టిక్ | 0.01 మి.మీ. | 0.5 మి.మీ. |

మామూలు ప్రింటింగ్ కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది. డాట్ విషయంలో తేడా అందులో పావు వంతు కూడా లేదు, వేలికి తెలియదు. బ్లాక్ విషయంలో తేలేది ఒక మిల్లీమీటరు దాకా వస్తోంది. చాలా ఫ్రెట్ల ఎత్తే ఒక మిల్లీమీటరు చిల్లర. అంటే ఆ అంచు దాదాపు ఫ్రెట్ అంత ఎత్తుకి వస్తుంది, తీగ దానికి తగులుతుంది. దాన్ని వంపుకి తగ్గట్టు అరగదీయడానికి పొడవాటి దిమ్మ వెళ్లదు. డాట్లు ఇంట్లో చేసుకోదగ్గ పని అనీ, వెడల్పు బ్లాకులు అనుభవం ఉన్న చేతికే ఇవ్వాలనీ నేను అనేది ఇందుకే.

పన్నెండో ఫ్రెట్ జంట చుక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. అవి బోర్డు మధ్యలో ఉండవు, వంపు వాలు మీద ఉంటాయి. 9.5 అంగుళాల బోర్డు మీద మధ్య నుంచి 12 మి.మీ. దూరంలో ఉన్న 6 మి.మీ. చుక్కకి ఒక అంచుకీ ఇంకో అంచుకీ దాదాపు 0.3 మి.మీ. తేడా వస్తుంది. గుంటను నిటారుగా తొలిస్తే చుక్క ఒకవైపు లేచి కూర్చుంటుంది. డ్రిల్‌ని వాలుకి తగ్గట్టు కాస్త వంచి పట్టుకోవాలి, లేదా మందం కాస్త ఎక్కువున్న చుక్క పెట్టి లేచిన వైపు గీకెయ్యాలి.

మీ గిటార్‌లో ఏముందో ముందు కనుక్కోండి

బోర్డు చెక్క: రోజ్‌వుడ్, ఎబొనీ అయితే బెంగ లేదు. మేపుల్ బోర్డు మీద లక్కర్ పూత ఉంటుంది, చుక్కలు ఆ పూత కిందే ఉంటాయి. చుక్క లేపితే పూత పగులుతుంది, ఆ మచ్చ పోదు. మేపుల్ వాళ్లకి నేను స్టిక్కరో, పక్క చుక్కలో (మెడ అంచున ఉండే చిన్న చుక్కలు) చెబుతాను. తక్కువ ధర గిటార్లలో లేత చెక్కకి నల్ల రంగు పూసి ఎబొనీలా చూపించడం ఉంది. తడి చేసిన తెల్ల గుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. నలుపు అంటుకుందంటే, అక్కడ గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది.

ఇన్‌లే పదార్థం: నిజం చిప్పని అటూ ఇటూ తిప్పితే వెలుగు లోపల్నుంచి కదిలినట్టుంటుంది, పెదవికి తగిలిస్తే చల్లగా ఉంటుంది. పర్లాయిడ్ అంటే ముత్యపు మెరుపున్న ప్లాస్టిక్. దాన్ని పాత రోజుల్లో సెల్యులాయిడ్‌తో చేసేవారు. సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుస్తుంది, కాబట్టి వాటర్ పేపర్‌తో రెండు సార్లు రుద్ది వాసన చూస్తే హారతి పళ్లెం గుర్తొస్తుంది. ఆ వాసన వచ్చిందా, సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి కూడా తేకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

పాత గిటార్ విలువ: 1960ల మొదట్లో ఫెండర్ రోజ్‌వుడ్ బోర్డుల మీద వేసిన మసక చుక్కల్ని క్లే డాట్లు అంటారు. 1964 చివరికి వాటి స్థానంలో పర్లాయిడ్ వచ్చింది. కొనేవాళ్లు గిటార్ వయసు పోల్చుకోవడానికి చూసే గుర్తుల్లో ఇదొకటి. అలాంటి గిటార్ మీ ఇంట్లో ఉంటే చుక్కలు ఎంత మసకబారినా ముట్టుకోవద్దు.

అన్ని దారులూ ఒకచోట

| దారి | ఖర్చు | చేతి పని | తిరిగి మునుపటిలా చేయొచ్చా | ఎన్నాళ్లు నిలుస్తుంది |
|---|---|---|---|---|
| ఉన్నదాన్నే బాగుచేయడం | దాదాపు లేదు | తేలిక | అవును (చెక్కితే కాదు) | చాలాకాలం |
| స్టిక్కర్లు | తక్కువ | చాలా తేలిక | అవును | చేతి చెమటను బట్టి |
| అదే సైజు డాట్లు | తక్కువ నుంచి మధ్యస్థం | ఓపిక కావాలి | కొంతవరకు | శాశ్వతం |
| ఎపాక్సీ పోత | తక్కువ | మధ్యస్థం | కష్టం | శాశ్వతం |
| వెడల్పు బ్లాకులు | ఎక్కువ | చాలా కష్టం | కాదు | సరిగ్గా చేస్తే శాశ్వతం |
| పక్క చుక్కలు | తక్కువ | తేలిక | కొంతవరకు | శాశ్వతం |

ఉన్నదాన్నే బాగుచేయడం

సగం మందికి ఇది చాలు, కానీ ఎవరూ ముందు దీన్ని చూడరు. పసుపెక్కిన చుక్క చాలాసార్లు పైపైనే పసుపెక్కి ఉంటుంది. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, 800 తర్వాత 1500 నంబర్ వాటర్ పేపర్‌తో నాలుగు రుద్దులు రుద్దితే లోపలి మెరుపు బయటికొస్తుంది. వదులైన చుక్క అయితే లేపి, పాత జిగురు గీకేసి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) చుక్క వేసి కూర్చోబెట్టాలి.

కొత్త డిజైన్ కావాలనుకునేవాళ్లకి కూడా ఇందులో ఒక మార్గం ఉంది, అది మన ఊరిదే. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఈస్టిండియా కంపెనీ వాళ్ల కోసం రోజ్‌వుడ్, ఎబొనీ పెట్టెల్లో, కుర్చీల్లో ఏనుగు దంతం పొదిగేవారు. ఆ దంతం మీద సన్నగా లతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఆ పద్ధతి మాత్రం అచ్చంగా మనకి పనికొస్తుంది. బోర్డులో ఉన్న చిప్పను కదపకుండా దాని మీదే సన్న ఉలితో గీత చెక్కి, నల్ల రంగు కలిపిన ఎపాక్సీ నింపి, పైన గీకేస్తే చాలు. వెడల్పు ఇన్‌లేలు ఉన్న గిటార్‌కి కొత్త రూపు ఇవ్వడానికి ఇంతకంటే తక్కువ ప్రమాదమున్న పని నాకు తెలియదు. వంపు సమస్యే రాదు, ముక్క అప్పటికే బోర్డుతో సమానంగా ఉంది కాబట్టి.

స్టిక్కర్లు

వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లని చాలామందిని చూశాను. నాకు ఆ అభిప్రాయం లేదు. తీగలు ఇన్‌లేకి తగలవు, వేళ్లే తగులుతాయి. అందుకే మంచి స్టిక్కర్ అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. జపాన్ జోకోమో లాంటి కంపెనీలు చిప్ప మెరుపు వచ్చేలా, మోడల్‌ని బట్టి కొలిచి చేస్తాయి. మేపుల్ బోర్డుకీ, అద్దెకి తెచ్చుకున్న గిటార్‌కీ, హాస్టల్లో ఉండే పిల్లలకీ ఇదే నయం.

బలహీనత ఎక్కడంటే, తీగని పక్కకి లాగి బెండ్ చేసేవాళ్ల వేళ్ల కింద స్టిక్కర్ అంచులు లేస్తాయి. మే నెలలో మన ఉక్కపోతకి అరచేతి చెమట వాటిని ఇంకా తొందరగా లేపుతుంది. ఎలక్ట్రిక్ మీద లీడ్ వాయించేవాళ్లు ఏడు నుంచి పదిహేను ఫ్రెట్ల మధ్యవి ముందే పోతాయని లెక్కేసుకుని రెండో సెట్టు పెట్టుకోవాలి. అంటించేముందు బోర్డు మీది నూనె పూర్తిగా తుడవండి, లైటర్‌లో పోసే పెట్రోలియం ద్రవం పనికొస్తుంది. అంటించాక బోర్డుకి లెమన్ ఆయిల్ పెట్టాలంటే స్టిక్కర్ అంచులకి తగలకుండా పెట్టాలి. కింద ఉన్న పాత డాట్‌ని స్టిక్కర్ పూర్తిగా కప్పుతుందో లేదో కొనేముందే కొలుచుకోండి.

అదే సైజు డాట్లు

నేను మావయ్య గిటార్‌కి ఎంచుకున్నది ఇదే, డాట్లున్న గిటార్‌కి నా మొదటి సలహా కూడా ఇదే.

మొదటి పాఠం కొలత దగ్గర నేర్చుకున్నాను. ఆన్‌లైన్‌లో 6 మి.మీ. అని రాసి ఉన్న చిప్ప చుక్కలు తెప్పించాను. వచ్చాయి, గుంటలో దిగవు. వెర్నియర్ పెట్టి చూస్తే 6.35, అంటే పావు అంగుళం. లోకంలో రెండు సైజులూ వాడుకలో ఉన్నాయి, అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. గుంటను పెద్దది చేయబోకండి, చుక్కనే చిన్నది చేయండి. చిన్న మేకు తలకి చుక్కను ఫెవిక్విక్‌తో అంటించి, మేకుని డ్రిల్‌కి బిగించి తిప్పుతూ వాటర్ పేపర్ తాకిస్తే నిమిషంలో 0.35 తగ్గుతుంది. చిప్ప పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కాగితం తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి.

పాతది తీసే పద్ధతి పదార్థాన్ని బట్టి మారుతుంది. ప్లాస్టిక్ చుక్క అయితే నడిమధ్యలో ఒకటిన్నర మి.మీ. రంధ్రం వేసి, చిన్న స్క్రూ రెండు చుట్లు తిప్పి, పట్టకారుతో నిటారుగా లాగాలి. నిజం చిప్ప అయితే సోల్డరింగ్ ఐరన్ మొనని దాని మీద కొన్ని క్షణాలు ఆనించాలి. కింద జిగురు మెత్తబడగానే సూది మొన అంచులోకి దూరుతుంది, చిన్న చప్పుడుతో చుక్క పైకి వస్తుంది. వేడి ఎక్కువైతే చుట్టూ చెక్క నల్లబడుతుంది కాబట్టి ఆనించడం, తీయడం, మళ్లీ ఆనించడం.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకుండా ఉండడానికి. తొమ్మిదో ఫ్రెట్ గుంటలో పాత జిగురు రాలేదని దూది అసిటోన్‌లో ముంచి పెట్టాను. అసిటోన్ కారిందని నాకు తెలియలేదు. బోర్డు అంచున ఉన్న తెల్ల ప్లాస్టిక్ బైండింగ్ దగ్గర నా బొటనవేలు ఆనింది. తీసి చూస్తే మెత్తబడ్డ ప్లాస్టిక్ మీద వేలిముద్ర గీతలతో సహా అచ్చు పడింది. గట్టిపడ్డాక గీకి పాలిష్ చేశాను గానీ వెలుతురు పక్కనుంచి పడితే ఇప్పటికీ అక్కడ చిన్న పల్లం కనిపిస్తుంది. బైండింగ్ ఉన్న గిటార్ మీద అసిటోన్ వద్దు. గుంటను చిన్న ఉలితో, ఓపికగా, పొడిగానే శుభ్రం చేయండి.

గుంట లోతు విషయానికొస్తే, చిప్ప చుక్కలు మామూలుగా 1.3 నుంచి 1.5 మి.మీ. మందం ఉంటాయి. చుక్క బోర్డుకంటే ఒక కాగితం మందం, మహా అయితే రెండు, పైకి ఉండేలా చూసుకోండి. అంతకు మించి పైకి ఉంటే గీకడం నరకం, లోపలికి పోతే వేలికి పల్లం తగులుతుంది. తొలవాల్సి వస్తే 2 మి.మీ. దాటకండి. బోర్డు మొత్తం మందం 6 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, దాని కింద మెడ వంగకుండా పట్టి ఉంచే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంది.

గీకే ఘట్టం నిదానంగా చెబుతాను, ఫ్రెట్లు ఉండగా చేసే పనికి ప్రాణం అదే. రెండు పక్కలా ఫ్రెట్ల మీద టేపు రెండు పొరలు వేయండి, దాని మీద పాత ఏటీఎం కార్డు ముక్కలు నిలబెట్టి ఇంకో టేపు. ఒకవైపే పదునున్న బ్లేడుని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య కాస్త వంచి, దాదాపు నిటారుగా పట్టుకుని, మీవైపు లాగండి. మొదట గరగర శబ్దం, తెల్లటి పొడి. చుక్క బోర్డుకి దగ్గరయ్యేకొద్దీ శబ్దం మెత్తబడుతుంది. పొడిలో గోధుమ రంగు నలక కనబడగానే ఆపెయ్యండి, అది రోజ్‌వుడ్, చెక్క తగిలిందన్నమాట. అక్కణ్నుంచి చిన్న రబ్బరు ముక్కకి చుట్టిన 800, 1500 కాగితాలు చాలు. కళ్లు మూసుకుని వేలు పోనివ్వండి. కంటికి కనబడని మెట్టు వేలికి తెలుస్తుంది.

గుంటకీ చుక్కకీ మధ్య సందు ఉంటే అదే చెక్క పొడి ఎపాక్సీలో కలిపి నింపండి. రోజ్‌వుడ్ మీద పల్చటి ఫెవిక్విక్ పారబోస్తే రంధ్రాల్లోకి పీల్చుకుని చుట్టూ నల్లటి మచ్చలా మెరుస్తుంది, ఆ మెరుపు వదలదు.

ఎపాక్సీ పోత

గుంట అంచులు చెదిరిపోయాయి, లేదా వంకరటింకర ఆకారం, దానికి సరిపడే ముక్క ఎక్కడా దొరకదు. అలాంటప్పుడు నలిపిన చిప్పో, రంగు పొడో, ఇత్తడి పొడో ఎపాక్సీలో కలిపి పోసెయ్యడం మేలు. గుంట ఏ ఆకారంలో ఉన్నా నిండుతుంది, గీకడానికి చిప్పకంటే మెత్తగా ఉంటుంది. చూడ్డానికి మాత్రం చిప్పలోని లోతు రాదు. దగ్గర్నుంచి చూస్తే రంగు నీళ్లలో మెరుపు చల్లినట్టే ఉంటుంది.

మన ఊళ్లో దీనికి కాలం చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డు పొర రావచ్చు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. దాని మీదే ఇంకో పొర పోస్తే మాత్రం పట్టదు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది తీసుకోకండి. నెమ్మదిగా గట్టిపడే ఆరల్డైట్ తీసుకుంటే చెక్క రంధ్రాల్లోంచి వచ్చే బుడగలు పైకి రావడానికి టైం ఉంటుంది. ఆ రాత్రి కిటికీలు మూసి ఏసీ గదిలో వదిలెయ్యండి.

వెడల్పు బ్లాకులు, ట్రెపజాయిడ్లు

డాట్లున్న గిటార్‌కి లెస్ పాల్‌లా బ్లాకులు పెట్టాలని కొందరికి కోరిక. ఫ్రెట్లు ఉంచి చేయొచ్చా అంటే, చేయొచ్చు. ప్రతి ముక్కనీ బోర్డు వంపుకి ముందే అరగదీసి, గుంట అడుగు కూడా అదే వంపులో తొలచి, ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి మధ్య రౌటర్ (గుంట తొలిచే మెషిన్) నడపాలి. పైన చెప్పిన ఒక మిల్లీమీటరు తేడాని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట మింగాలి కదా.

ఒకసారి ఈ పనికి చిప్ప కోయించడానికి కురుపాం మార్కెట్ వైపు ఒక కంసాలి దగ్గరికి వెళ్లాను. వెంట్రుకంత సన్నని రంపం బ్లేడు వాళ్ల దగ్గర ఉంటుంది. ఆయన చిప్పని వెలుతురుకి పట్టి చూసి "ఏటి బావూ, దీన్ని బంగారంలాగ వంచలేం కదా, ఇరిగిపోద్ది" అన్నాడు. అచ్చంగా సమస్య అదే. చిప్ప వంగదు, అరగాలంతే. ఆయన కోసిన ముక్కలు అద్భుతంగా ఉన్నాయి, వాటిని వంపుకి తేవడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది, రెండు ముక్కలు విరిగాయి. పాత బ్లాక్ పోయి దాని గుంట అలాగే ఉన్న గిటార్ అయితే ఈ పని పెట్టుకోండి. డాట్లని బ్లాకులుగా మార్చాలంటే ఫ్రెట్లు అరిగేదాకా ఆగి, రీఫ్రెట్ (కొత్త ఫ్రెట్లు వేయడం) చేయించే రోజున రెండూ కలిపి చేయించండి. అప్పుడు బోర్డు ఖాళీగా ఉంటుంది, దిమ్మ వెళ్తుంది, సగం కష్టం ఉండదు.

బీచ్ రోడ్డులో అమ్మే గవ్వలతో చేసుకోవచ్చా అని ఒక కుర్రాడు అడిగాడు. సముద్రపు గవ్వల్లో, శంఖాల్లో కొన్ని జాతులు వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి. ఏ జాతిదో తెలియని గవ్వని కోయడం కంటే పెంచిన ముత్యపు చిప్పతో చేసిన ముక్కలు కొనుక్కోవడమే మంచిది.

పక్క చుక్కలు

వాయించేవాడి కళ్లు నిజంగా చూసేది మెడ అంచున ఉండే చిన్న చుక్కల్నే. స్టేజి మీద చీకట్లో వాయించేవాళ్లకి, చర్చిలో క్రిస్మస్ రాత్రి ఆరాధనలో వాయించేవాళ్లకి ముందు మార్చాల్సింది ఇవే. స్ట్రాన్షియం అల్యూమినేట్ ఉన్న చుక్కలు వెలుతురులో ఉన్నంతసేపు నింపుకుని చీకట్లో వెలుగుతాయి. 2 మి.మీ. డ్రిల్ బిట్, కొంచెం జిగురు, ఒక సాయంత్రం. ఫ్రెట్ల మధ్య దూరాల తంటా, వంపు తంటా రెండూ ఉండవు. నా స్నేహితుడొకడు పెద్ద చుక్కలు మార్చిపెట్టమని గిటార్ తెచ్చి, ఇవి పెట్టించుకుని వెళ్లాడు. మళ్లీ పెద్ద చుక్కల మాట ఎత్తలేదు.

ఇక మీ సంగతి

కాలేజీ కుర్రాళ్లు, మొదటి గిటార్, బోర్డు ఏ చెక్కో కూడా తెలియదు: స్టిక్కర్లు. ఆ డబ్బులో మిగిలినదానితో కొత్త తీగలు కొనుక్కోండి.

వారం వారం స్టేజి ఎక్కేవాళ్లు: పక్క చుక్కలు ముందు, మిగతాది తర్వాత.

ఒకటో రెండో డాట్లు ఊడిన మంచి గిటార్ ఉన్నవాళ్లు: అదే సైజు డాట్లు, మీరే చేసుకోవచ్చు. మొదటిసారి అయితే ముందు ఒక రోజ్‌వుడ్ ముక్క మీద నాలుగు చుక్కలు పొదిగి చూడండి. ఫర్నిచర్ చేసే వడ్రంగి దగ్గర తుక్కు ముక్క అడిగితే ఇస్తాడు.

లెస్ పాల్ తరహా గిటార్, పాత ట్రెపజాయిడ్లు పసుపెక్కాయి: ముందు రుద్ది చూడండి, తర్వాత చెక్కించడం ఆలోచించండి, మార్చడం ఆఖరి మాట.

బోల్ట్‌తో బిగించిన మెడ, ఫ్రెట్లు కూడా అరిగిపోయాయి: మా బావ మాటే కరెక్టు, ఇంకో మెడ ధర కనుక్కోండి. రీఫ్రెట్, ఇన్‌లే ఖర్చు కలిపితే చాలాసార్లు అంతకు దగ్గరగా వస్తుంది.

ఏది చేసినా మొదలుపెట్టేముందు తీగలు తీసేసి, పికప్‌ల (ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఉండే అయస్కాంతాలు) మీద టేపు వెయ్యండి. పొడిలో ఇనుప నలక ఒక్కటి ఉన్నా అయస్కాంతం పట్టుకుంటుంది, తర్వాత వదలదు. మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టండి. పని అయ్యాక జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదిలి, అప్పుడు బోర్డుకి కొంచెం నూనె పట్టించి తీగలు ఎక్కించండి.

మావయ్య గిటార్‌కి చివరికి తొమ్మిదో ఫ్రెట్ దగ్గర కొత్త చిప్ప వచ్చింది. పన్నెండులో వదులైనదాన్ని మాత్రం మార్చలేదు, జిగురు గీకి అదే మళ్లీ అంటించాను. మిగతావి రుద్దాను. ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే ఆయన కళ్లజోడు పైకి నెట్టి, ఒక్కో చుక్కనీ బొటనవేలితో తడుముకుంటూ వచ్చి, పన్నెండు దగ్గర ఆగి గోటితో తట్టాడు. ఈసారి చప్పుడు రాలేదు.